బొట్టు నూనె బేరింగ్ దాకా ఎట్లా చేరుతుంది?

బండి కట్టే రోజు మా తాత చీకటితోనే లేచి బండి కిందికి వంగేవాడు. ఇరుసు పక్కన వేలాడే వెదురు గొట్టం విప్పి, లోపలి నల్లటి ముద్దను పుల్లతో తోడి, చక్రాన్ని కాస్త బయటికి జరిపి ఇరుసు చుట్టూ పూసేవాడు. వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం పోసి కలిపిన కందెన అది. ఆ పని అయ్యాకే ఎడ్లను కాడి కిందికి తెచ్చేవాడు. దారిలో చక్రం కీచుమంటే ఎంత తొందర ఉన్నా బండి ఆపి మళ్లీ పూసేవాడు. కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అనే సామెత మా ఇంట్లో రోజూ వినిపించేది.

పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఆముదం చేలకు కొదవ లేదు కాబట్టి చేతికి దొరికిందే వాడారని చాలా ఏళ్లు అనుకున్నాను. ఫిట్టర్ పని నేర్చుకున్నాక అసలు సంగతి తెలిసింది. ఆముదం చిక్కన. ఇనుమును పట్టుకుంటే వదలదు, బరువు పడ్డా తొందరగా పక్కకు జారిపోదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లో సిలిండర్లే గుండ్రంగా తిరిగే రోటరీ ఇంజన్లు ఉండేవి. పెట్రోలులో కలిసి పలచబడదు కాబట్టి వాటికి ఆముదమే పోసేవారు. 1909లో వచ్చిన క్యాస్ట్రాల్ నూనె పేరు కూడా ఆముదపు ఇంగ్లీషు పేరు నుంచి పుట్టిందే.

కాబట్టి మంచి నూనె ఏదో మన పెద్దలకు బాగా తెలుసు. చిక్కల్లా దాన్ని రాపిడి జరిగే చోటికి చేర్చడంలో ఉంది. మధ్యమధ్య ఆగే ఎడ్లబండికి మనిషి చెయ్యి చాలు. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే మోటారుకో, రాత్రింబవళ్లు ఆగని సిమెంటు కిల్న్‌కో ఆ చెయ్యి ఎక్కడ చాలుతుంది? నూనె ఏది మంచిదని దుకాణంలో అందరూ అడుగుతారు. అది ఎంత పోవాలి, ఎప్పుడు పోవాలి, ఎవరు తీసుకుపోవాలి అని అడిగేవాళ్లు తక్కువ. నా అనుభవంలో బేరింగులు, అంటే తిరిగే ఇరుసును మోసే భాగాలు, ఎక్కువగా పోయింది ఈ అడగని ప్రశ్నల దగ్గరే.

సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక మిర్యాలగూడ చుట్టూ వరి పెరిగింది, వరి వెంట రైస్ మిల్లులు వచ్చాయి. అలాంటి ఒక మిల్లులోనే నేను హెల్పర్‌గా చేరాను. ప్రతి శనివారం గ్రీజు కొట్టడం నా పని. గాలి ఊదే ఒక బ్లోయర్ మోటారు అంటే నాకు భయం. అది ఆగితే మిల్లంతా ఆగుతుంది. అందుకని దాని నిపుల్‌కు (గ్రీజు ఎక్కించే బొడిపెకు) గ్రీజు గన్ తగిలించి, చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టేవాణ్ణి. ఎక్కువ వేస్తే ఎక్కువ రక్షణ అని నా నమ్మకం. సీజన్ నడుమ, లారీలు గేటు దాకా బారులు తీరి ఉన్నప్పుడు, ఆ మోటారు కాలిపోయింది. విప్పి చూస్తే గ్రీజు లోపలి కవరు దాటి మోటారు తీగ చుట్టల (వైండింగ్) మీద పడి ఉంది. బేరింగ్ నీలి రంగుకు తిరిగింది.

పెద్ద ఫిట్టర్ నన్ను తిట్టలేదు. "తమ్మీ, గ్రీజు గూడ అన్నం లెక్కనే. కడుపుల జాగ లేకుండ కుక్కితే ఎవరికైనా ఊపిరాడదు" అన్నాడు. తర్వాత గన్ తెచ్చి, కాగితం మీద పదిసార్లు కొట్టించి, బంగారం తూచే చిన్న త్రాసులో తూచాడు. సుమారు పది గ్రాములు వచ్చింది, అంటే నొక్కుకు ఒక గ్రాము. బేరింగ్ కంపెనీలవాళ్లు చెప్పే లెక్క ఒకటి ఉంది. బేరింగ్ బయటి వ్యాసాన్ని వెడల్పుతో, రెండూ మిల్లీమీటర్లలో, గుణించి దాన్ని 0.005తో గుణిస్తే మళ్లీ వేయాల్సిన గ్రీజు గ్రాముల్లో వస్తుంది. ఆ మోటారులో ఉన్నది 6310 నంబరు బేరింగ్. బయటి వ్యాసం 110, వెడల్పు 27. లెక్క కడితే 15 గ్రాములు. అదీ వారం వారం కాదు, వేగాన్నీ వేడినీ బట్టి వేల గంటలకు ఒకసారి. బేరింగ్ వేడి 70 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి 15 డిగ్రీలకు ఆ గడువు సగానికి పడిపోతుంది. నేను వారానికి యాభై, అరవై నొక్కులు కొట్టాను. బేరింగ్ లోపలి గోళీలు గ్రీజును దున్నుతూ తిరిగాయి. ఆ దున్నుడుకు వేడి పుట్టింది, వేడికి గ్రీజులోని నూనె కారిపోయింది, చివరకు నిండా గ్రీజు ఉన్న బేరింగ్ నూనె లేక కాలింది.

ఇది ఎందుకు జరుగుతుందో తెలియాలంటే నూనె లోపల ఏం చేస్తుందో చూడాలి. రెండు ఇనుప ముక్కల నడుమ జారుడు పదార్థం పూస్తే జారుతాయి అనేది మనందరి ఊహ. అది సగమే నిజం. 1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులను పరీక్షిస్తున్నాడు. షాఫ్టు (తిరిగే ఇరుసు) అడుగు భాగం నూనె తొట్టిలో మునిగి తిరుగుతుంది, పైన ఇత్తడి బేరింగ్ బరువుతో కూర్చుంటుంది. మామూలుగా నూనె పోసే పద్ధతిలోనే ఆ ఇత్తడి నడినెత్తిన ఆయన ఒక రంధ్రం చేశాడు. షాఫ్టు తిరగ్గానే ఆ రంధ్రంలోంచి నూనె పైకి పొంగింది. బిరడా పెట్టాడు, అది ఎగిరిపోయింది. చెక్క మేకు బిగించాడు, దాన్నీ తోసేసింది. చివరకు ప్రెషర్ గేజ్ తగిలించి చూస్తే, పైనున్న బరువు వల్ల పడే సగటు ఒత్తిడికి రెట్టింపు పైగా చూపించింది. ఎవరూ పంపు పెట్టలేదు. తిరిగే షాఫ్టే నూనెను తన వెంట లాక్కుపోయి, సన్నబడే సందులోకి తోసి, ఆ ఒత్తిడి మీద బరువునంతా ఎత్తి పట్టుకుంది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం రాశాడు.

వానాకాలం తడిసిన డాంబరు రోడ్డు మీద వేగంగా పోయే బండి టైరు నీటి పొర మీదకెక్కి పట్టు తప్పుతుంది కదా. అక్కడ ప్రమాదమైనదే బేరింగులో ప్రాణం. ఆ పొర మందం వెంట్రుక కంటే తక్కువ. గోళీల బేరింగులో అయితే ఒక మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, కూడా ఉండకపోవచ్చు. అంటే ఒక్క క్షణంలో కావలసిన నూనె చాలా కొంచెం. కానీ ఆ కొంచెం ఏ క్షణమూ తప్పకూడదు.

టవర్ రంధ్రం ఇంకో పాఠం కూడా చెప్పింది. బరువు పడే చోటనే నూనె పోయాలనుకోవడం తప్పు. అక్కడ లోపలి ఒత్తిడే నూనెను బయటికి నెడుతుంది. బరువు లేని పక్కన పోస్తే షాఫ్టు దాన్ని తనంతట తాను లాక్కుపోతుంది. ఇప్పటికీ కొన్ని వర్క్‌షాపుల్లో బుష్ (గొట్టంలాంటి బేరింగ్) చేయించేటప్పుడు నూనె రంధ్రం సరిగ్గా బరువు పడే నెత్తిన వేస్తుంటారు. అలాంటి బుష్ ఎన్నిసార్లు మార్చినా అరుగుతూనే ఉంటుంది.

పాత పరికరాలన్నీ నేల ఆకర్షణను నమ్ముకున్నవి. గాజు గిన్నె, కింద సూదిలాంటి వాల్వు, దాని కింద చుక్క పడేది కనిపించే చిన్న గాజు కిటికీ. నిమిషానికి ఇన్ని చుక్కలని తిప్పి పెట్టుకోవాలి. ఒత్తి పద్ధతి ఇంకా పాతది. ఉన్ని ఒత్తి ఒక కొస నూనె గిన్నెలో, ఇంకో కొస బేరింగ్ రంధ్రంలో ఉంటుంది. దీపపు ఒత్తి పైకి నూనె పీల్చినట్టే ఇదీ గిన్నె అంచు దాటించి కిందికి దించుతుంది, మురికిని వడగడుతుంది కూడా. కానీ రెంటికీ ఒకే జబ్బు ఉంది. యంత్రం ఆగినా నూనె కారుతూనే ఉంటుంది. పొద్దున వచ్చి వాల్వు తెరవడం మరిచారా, యంత్రం ఎండుతుంది. సాయంత్రం మూయడం మరిచారా, పొద్దుటికి గిన్నె ఖాళీ.

అందుకే నాకు నచ్చేవి, యంత్రం తిరుగుడుకు తమ పనిని ముడివేసుకున్న పరికరాలు. ఒకే పొడవాటి ఇరుసుతో చాలా యంత్రాలను నడిపిన పాత లైన్ షాఫ్టుల బేరింగుల్లో షాఫ్టు కంటే పెద్ద ఇత్తడి రింగు ఒకటి వదులుగా వేలాడుతుంది. దాని అడుగు నూనెలో మునిగి ఉంటుంది. షాఫ్టు తిరిగితే రింగు మెల్లగా తిరిగి నూనెను పైకి మోసుకొస్తుంది. షాఫ్టు ఆగితే రింగూ ఆగుతుంది. ఊరి గిర్నిలో డుగ్ డుగ్ మనే ఒంటి సిలిండరు ఆయిల్ ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్డు కొసన చిన్న చెంచాలాంటి ముక్క ఉంటుంది. ప్రతి చుట్టుకూ అది అడుగునున్న నూనెను కొట్టి లోపలంతా చిమ్ముతుంది. ఇలాంటి ఇంజన్‌లో నూనె గీత కంటే ఒక వేలు తగ్గినా చెంచాకు నూనె అందదు. బయటికి ఏ తేడా వినిపించదు, లోపల బుష్ ఎండుతుంటుంది. ఆ గీతకు అంత విలువ.

వీటిలో అన్నిటికన్నా అందమైనది నేను సిమెంటు ఫ్యాక్టరీలో చూశాను. కృష్ణ ఒడ్డున వాడపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి మీద కట్టిన ఫ్యాక్టరీలు మీకు తెలిసే ఉంటాయి. కిల్న్ అంటే నిమిషానికి నాలుగైదు చుట్లు తిరిగే పెద్ద ఇనుప గొట్టం. దాని బరువు కింద రోలర్ల మీద పడుతుంది. ఆ రోలర్ షాఫ్టు కూడా నెమ్మదిగానే తిరుగుతుంది, దానికి రింగు పద్ధతి నమ్మదగినది కాదు. అందుకని షాఫ్టు కొసకు గరిటెలు బిగిస్తారు. అవి అడుగున నూనె ముంచుకుని పైకి తెచ్చి, రంధ్రాలున్న పళ్లెంలో ఒంపుతాయి. ఆ పళ్లెంలోంచి నూనె షాఫ్టు పొడవునా ధారగా పడుతుంది. తనిఖీ మూత తీసి మొదటిసారి చూసినప్పుడు, బావి మీద మోట కొట్టిన రోజులు గుర్తొచ్చి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. బొక్కెన పైకి రావడం, కాలువలోకి ఒంపడం, మళ్లీ దిగడం. లోపలున్నది నీళ్లు కాదు, నూనె. అంతే తేడా.

యంత్రమే తన నూనె తాను తెచ్చుకోవాలనే ఆలోచనను ఆవిరి ఇంజన్లలోకి తెచ్చిన వారిలో ఇద్దరి పేర్లు చెప్పుకోవాలి. 1860లో జాన్ రామ్స్‌బాటమ్ చేసిన పరికరంలో సిలిండరు ఆవిరి నూనె గిన్నెలోకి వచ్చి చల్లబడి నీరవుతుంది. నీరు బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది, ఎన్ని చుక్కల నీరు చేరితే అంత నూనె పైనుంచి పొర్లి సిలిండరులోకి పోతుంది. రెండో మనిషి ఎలైజా మెకాయ్. అమెరికాలోని కెంటకీ నుంచి బానిసత్వం తప్పించుకుని కెనడాకు పారిపోయిన తల్లిదండ్రుల కొడుకు. స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ఇంజనీరింగ్ నేర్చుకుని వచ్చాడు. నల్లవాడన్న కారణంతో మిషిగన్ రైల్వేలో ఆ చదువుకు తగ్గ పని ఇవ్వలేదు. బొగ్గు వేసే పని, రైలు ఆగినప్పుడల్లా దిగి కీలు కీలుకూ నూనె పోసే పని ఇచ్చారు. ఆ నూనె డబ్బా పట్టుకుని తిరిగిన మనిషే 1872లో తనంతట తానే నూనె పోసే గిన్నెకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన గిన్నెలో సిలిండరు ఆవిరి ఒత్తిడే చిన్న పిస్టన్‌ను కదిపి నూనె దారి తెరుస్తుంది. ఆవిరి ఉంటే నూనె ఉంటుంది, ఆవిరి ఆగితే నూనె ఆగుతుంది. తర్వాత తీసుకున్న పేటెంట్లతో కలిపి ఆయన పేరున యాభైకి పైగా ఉన్నాయి, ఎక్కువ భాగం నూనె అందించే పరికరాలకే. పని చేసే చేతికే పని కష్టం తెలుస్తుందనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

ఇక గ్రీజు. గ్రీజు నూనెకు వేరే జాతి కాదు. అందులో నూటికి 80 నుంచి 90 వంతులు నూనే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఆ నూనెను స్పాంజిలా పట్టి ఉంచే సబ్బు. బేరింగ్ దగ్గర కూర్చుని కొంచెం కొంచెంగా నూనె వదలడం దాని పని. ఒకరకంగా గ్రీజే ఒక నూనె పరికరం. దాన్ని లోపలికి పంపే నిపుల్ చిన్నదే అయినా తెలివైనది. నోట్లో ఒక గోళీ, వెనుక స్ప్రింగు. గన్ ఒత్తిడికి గోళీ వెనక్కి జరిగి దారి ఇస్తుంది, గన్ తీయగానే మూసుకుంటుంది. అమెరికాలో దీన్ని ఇప్పటికీ ఆస్కార్ జెర్క్ అనే ఇంజనీరు ఇంటిపేరుతోనే పిలుస్తారు.

మిల్లులో నిపుల్‌కు ఒక శత్రువు ఉంది, ఊక దుమ్ము. ఊకను కాలిస్తే అయిదో వంతు దాకా బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. నిపుల్ తుడవకుండా గన్ పెడితే ఆ దుమ్ము గ్రీజుతో కలిసి లోపలికి పోతుంది. వాల్వులు నూరడానికి వాడే పేస్టును చేతులారా బేరింగులోకి ఎక్కించినట్టే. గుడ్డతో తుడవడానికి అయిదు సెకన్లు పడుతుంది. ఇంకో సంగతి. మోటారుకు గ్రీజు తూచి వేయాలన్న సూత్రాన్నే ధాన్యాన్ని పైకి మోసే ఎలివేటర్ అడుగు బేరింగుకూ పెడితే మళ్లీ తప్పే. అది నెమ్మదిగా తిరుగుతుంది, దుమ్ములో కూరుకుని ఉంటుంది. అక్కడ గ్రీజు తలుపులా కూడా పని చేయాలి. పాత మురికి గ్రీజు అంచునుంచి బయటికి వచ్చి, కొత్త రంగు కనిపించేదాకా కొట్టాలి. ఒకే గన్, ఒకే మనిషి, పది అడుగుల దూరంలో రెండు వేర్వేరు పద్ధతులు.

గ్రీజు వేయాల్సిన పాయింట్లు పదుల నుంచి వందలైనప్పుడు గన్ పట్టుకుని తిరగడం కుదరదు. ఒక డబ్బా, ఒక పంపు, అక్కడినుంచి అన్ని చోట్లకూ పైపులు. వినడానికి తేలిక. కానీ గ్రీజు కూడా నీళ్లలాగే ఏ దారి సులువైతే ఆ దారిన పోతుంది. దగ్గరి బేరింగ్ నిండుతుంది, దూరపుది ఎండుతుంది. చెరువు కింద ఆయకట్టులో తూము దగ్గరి మడికీ, చివరి మడికీ ఉన్న తేడాయే ఇది. నీరటి లేకపోతే చివరి మడి ఎండినట్టు, వంతు పంచేవాడు లేకపోతే చివరి బేరింగ్ పోతుంది. ఆ వంతు పంచే పద్ధతులు ముఖ్యంగా రెండు.

మొదటిది వరుస పద్ధతి. ఒక ఉక్కు దిమ్మెలో చిన్న చిన్న పిస్టన్లు వరుసగా ఉంటాయి. గ్రీజు మొదటి పిస్టన్‌ను నెడుతుంది. అది పూర్తిగా జరిగి తన వంతు గ్రీజును ఒక బేరింగుకు పంపితేనే రెండోదానికి దారి తెరుచుకుంటుంది. రెండోది జరిగితే మూడోది. ఎవరి వంతూ ఎవరూ దాటలేరు. ఒక్క పైపు మూసుకుపోతే ఆ పిస్టన్ కదలదు, దాని వెనుక అన్నీ నిలిచిపోతాయి, పంపు దగ్గర ఒత్తిడి పెరిగి అలారం మోగుతుంది. ఒక్కదాని కోసం అన్నీ ఆగడం లోపంలా కనిపిస్తుంది. కానీ దానివల్లే, ఒక పిస్టన్‌కు చిన్న పిన్ను పెట్టి అది లోపలికీ బయటికీ ఆడుతుందా అని చూస్తే చాలు, ఆ దిమ్మెలో అన్ని పిస్టన్లూ కదులుతున్నట్టే.

రెండోది జంట పైపుల పద్ధతి. రెండు పెద్ద పైపులు ఫ్యాక్టరీ పొడవునా నడుస్తాయి. ఒకసారి ఒకదానిలో ఒత్తిడి, ఇంకోసారి రెండోదానిలో. ప్రతి బేరింగ్ దగ్గరా ఒక వాల్వు ఉంటుంది, ఒత్తిడి మారినప్పుడల్లా అది కొలిచిన గ్రీజును వదులుతుంది. ఒకటి మూసుకుపోయినా మిగతావి ఆగవు. చాలా దూరాలకూ, చాలా పాయింట్లకూ ఇదే సరిపడుతుంది. కానీ మూసుకుపోయింది ఏదో తానై చెప్పదు. ప్రతి వాల్వు పిన్ను దగ్గరికి ఎవరో ఒకరు పోయి చూడాలి.

రెంటిలో ఏది మంచిదని అడిగితే, దూరాలు మరీ ఎక్కువ కాకపోతే నా ఓటు మొదటిదానికే. ఆగిపోయి చెప్పే పరికరం, చెప్పకుండా నడిచే దానికంటే నాకు నమ్మకస్తుడు. అయితే అది ఆగినప్పుడు విసుగుతో అలారం తీసేసి, పంపు ఒత్తిడి పెంచి నడిపే చోట్లు చూశాను. అప్పుడు దిమ్మె సీళ్లు చినిగి గ్రీజు లోలోపలే దాటిపోతుంది. వంతులన్నీ తారుమారు. ఏ విధానమైనా పైపుకూ బేరింగుకూ నడుమ చివరి అడుగే బలహీనం. పైపు ఊడి గ్రీజు నేల మీద పడుతుంటే పంపుకు అంతా బాగానే ఉన్నట్టు తెలుస్తుంది. కిందికి వంగి చూసే కళ్లు ఇంకా కావాలి.

ఇక ఒక్క బేరింగుకే బిగించే చిన్న డబ్బాలు కూడా వచ్చాయి. లోపల వాయువు పుట్టో, స్ప్రింగు నొక్కో, చిన్న మోటారు తిరిగో నెలల తరబడి కొంచెం కొంచెం గ్రీజు నెడతాయి. ఎత్తున, చెయ్యి చేరని చోట మంచివే. కానీ వాయువుతో, స్ప్రింగుతో నడిచేవి యంత్రం ఆగినా నెడుతూనే ఉంటాయి. సీజన్ అయ్యాక నెలలపాటు మూసి ఉండే మిల్లుకు అవి సరిపడవు.

చివరగా పరికరమే కనిపించని చోటికి వస్తాను. నాగార్జునసాగర్ పవర్ హౌస్‌లో ఒక 110 మెగావాట్ల యూనిట్, 100.8 మెగావాట్లవి ఏడు ఉన్నాయి. ఆ ఏడూ నీళ్లను కిందికి వదిలి కరెంటు తీయగలవు, వెనక్కి తిరిగి నీళ్లను పైకి తోడగలవు. ఇలాంటి నిలువు యంత్రంలో తిరిగే భాగం బరువంతా ఒక థ్రస్ట్ బేరింగ్ మోస్తుంది. అది నూనె తొట్టిలో మునిగి ఉండే పలకల వరుస. ప్రతి పలకా కొద్దిగా వాలగలిగేలా ఆధారం మీద కూర్చుంటుంది. తిరుగుడు మొదలైతే పలక తనంతట తాను వాలుతుంది, టవర్ చూసిన సన్నబడే సందు అక్కడ పుడుతుంది, నూనె బరువును ఎత్తుతుంది. ఆస్ట్రేలియాలో మిచెల్ 1905లో, అమెరికాలో కింగ్స్‌బరీ 1910లో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీనికి పేటెంట్లు తీసుకున్నారు. రెండు వైపులా తిరగాల్సిన యంత్రాల్లో పలక ఆధారాన్ని సరిగ్గా నడుమ పెడతారు, ఎటు తిరిగితే అటు వాలడానికి.

అదే పలకల బేరింగ్, అరచేతిలో పట్టేంత చిన్నది, మన బోరు మోటారు అడుగున ఉంటుంది. నీళ్లు నింపే రకం సబ్‌మెర్సిబుల్ మోటారు విప్పితే ఉక్కు పలకలు, వాటి మీద నల్లటి కార్బన్ బిళ్ల కనిపిస్తాయి. వందల అడుగుల నీటిని పైకి నెట్టే పంపు కిందికి తోసే బరువంతా వాటి మీదే. వాటి నడుమ నూనె లేదు, గ్రీజు లేదు. మోటారులో నింపిన నీళ్లే కందెన. నీటికి చిక్కదనం తక్కువ కాబట్టి పొర మరీ పలచన, చిన్న ఇసుక రేణువు చాలు దాన్ని తెంచడానికి. పైనున్న పంపు బుష్‌లకు తోడే నీళ్లే కందెన. ఎండాకాలం బోరు ఎండి పంపు ఖాళీగా తిరిగితే ముందు అవి కాలతాయి. పక్కనుంచి పారే నీళ్లు లేక మోటారు లోపలి నీళ్లూ మరిగిపోతాయి.

అందుకే మోటారు రిపేరై వచ్చినప్పుడు దింపేవాళ్లు ఎంత తొందరపెట్టినా నేను ఆపుతాను. మూత విప్పి శుభ్రమైన నీళ్లు అంచు దాకా పోసి, మోటారును అటూ ఇటూ ఊపి, లోపలి గాలి బుడగలు పైకి వచ్చేదాకా కాసేపు ఆగి, తగ్గినంత మళ్లీ పోసి, అప్పుడే మూత బిగించమంటాను. మా తాత ఇరుసుకు కందెన పూసి ఎడ్లను కట్టడానికి పట్టినంత సేపే ఆ పనికీ పడుతుంది.